తోకబండి పిన్ను, మా అత్తగారి కందెన

మొన్న మా మనవడు కొత్త లారీకి పూజ ఉందంటూ నన్ను కారెక్కించి పటమట అవతల వాళ్ల షెడ్డుకి తీసుకెళ్లాడు. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. అందరూ ప్రసాదం దగ్గర మూగితే నేను కర్ర పట్టుకుని షెడ్డు వెనక్కి నడిచాను. ఈ వయసులో కూడా నాకు ఆ బుద్ధి పోలేదు, నలుగురున్న చోట నిలవలేను. అక్కడ ఓ నడివయసు మెకానిక్కు పాత లారీ వెనక మోకాళ్ల మీద కూచుని, ట్రైలరు తగిలించే పెద్ద ఇనప పళ్లెం మీంచి గ్రీజుని చెక్కతో గీకి తీస్తున్నాడు. నల్లటి ముద్దలు కాగితం మీద పడుతున్నాయి. "బోలెడు గ్రీజుందిగా నాయనా, ఎందుకు తీసేస్తున్నావు?" అన్నాను. "పాతదంతా తీసి తుడిస్తేగాని అరిగిందో పగిలిందో తెలీదు మామ్మగారూ. మీదమీదే రాసుకుంటా పోతే కింద ఏముందో దేవుడికే తెలియాలి" అన్నాడు తలెత్తకుండా. ఎంత తేలిగ్గా అనేశాడు! ఆ ఒక్క మాట అనడానికి పదిహేడేళ్లప్పుడు నాకు నోరు లేకపోయింది.

నేను కాపరానికి వచ్చేటప్పటికి యుద్ధం అయిపోయింది గాని, దాని సామాను ఇంకా బెజవాడలో తిరుగుతూనే ఉంది. మిలటరీ వాళ్లు వదిలించుకున్న లారీ ఒకటి, దాని వెనక తగిలించుకునే ట్రైలరు ఒకటి మా మామగారు కొన్నారు. అంతకు ముందు ఆయనకి పన్నెండు రెండెడ్ల బండ్లు ఉండేవట. కంకిపాడు, గుడివాడ వైపు మిల్లుల నుంచి బియ్యం బస్తాలు బెజవాడ స్టేషనుకి చేరవేయడం వాళ్ల తాతలనాటి వ్యాపారం. లారీ వచ్చాక ఎడ్లు పోయాయి, బండ్లు పోయాయి, బండ్లవాళ్లూ పోయారు. పోనిది మాత్రం బండి బుద్ధి. మామగారు లారీని కూడా "బండి కట్టారా?" అనే అడిగేవారు. ట్రైలర్ని ఇంట్లో అందరం తోకబండి అనేవాళ్లం.

ఆ తోకబండి లారీకి ఎలా అతుక్కునేదో చెప్పాలి. లారీ వెనక దవడల్లా రెండు ఇనప చెవులు. ట్రైలరు ముందు కాడికి లావుపాటి ఉంగరం. ఆ ఉంగరాన్ని చెవుల మధ్యకి తెచ్చి, పైనుంచి పిన్ను దింపి, అది ఎగిరి రాకుండా కింద చీల పెట్టేవారు. అంతే. పిన్ను జానెడు పొడవు, వీశెన్నర బరువు, ఇప్పటి లెక్కలో రెండు కిలోలు. లారీకీ, నలభై బస్తాల తోకబండికీ మధ్య ఉన్న బంధుత్వమంతా ఆ జానెడు ఇనుమే. తోకబండి మీద, ముందు వైపున, ఆ ఉంగరానికి సరిగ్గా పైన, ఓ చెక్క పీట ఉండేది. దాని పక్కన చేత్తో తిప్పే బ్రేకు. పల్లంలో దిగేటప్పుడు వెనక బండి ముందు బండి మీదికి రాకుండా ఎవరో ఒకరు అక్కడ కూచుని బ్రేకు తిప్పాలి. మామగారు పరాయివాళ్లని నమ్మేవారు కాదు. పెద్దకొడుకు దుకాణంలో గల్లా మీద కూచుంటే, చిన్నకొడుకు తోకబండి పీట మీద కూచునేవారు. ఆ చిన్నకొడుకే మా ఆయన.

ఇనుము దొరకని రోజులవి. గేటుకి వేసిన గొలుసు కూడా పొద్దున్నకి ఉంటుందన్న నమ్మకం లేదు. లారీని ఇంటి ముందు ఖాళీలో నిలిపి, ఊడొచ్చే పిన్నునీ చీలనీ ఇంట్లోకి తెచ్చేవాళ్లు. ఇంట్లో వాటికి చోటు చూపించింది మా అత్తగారు కాంతమ్మగారు. దేవుడి గది గుమ్మం పక్కన, ఇత్తడి బిందెల వెనక. బండ్ల కాలంలో అక్కడే ఇరుసు చీలలు పెట్టేవారట. అక్కడ పెట్టడంతోనే ఆ పిన్ను సగం దేవుడైపోయింది. శుక్రవారం పసుపు, కుంకుమ. దసరాకి పూలదండ. దేవుడైపోయిన వస్తువుకి గ్రీజు రాయడం ఎలా కుదురుతుంది? గ్రీజు డబ్బాలో ఉండేది పశువుల కొవ్వని ఎవరో ఆవిడ చెవిన వేశారు. నీచు అన్న మాట వినబడితేనే గిన్నెలు కడుక్కునే ఇల్లు మాది.

ఆవిడకి మాత్రం దాంతో పని లేదు. ఆవిడ చేతి కందెన ముందు గ్రీజేం లెక్క? పన్నెండు బండ్లకి ముప్పై ఏళ్లపాటు ఆవిడే కందెన చేసింది. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద ఆముదపు గింజలు వేయించేది, రోట్లో దంచేది, నీళ్లలో వేసి ఉడికిస్తే పైకి తేలిన నూనెని గరిటెతో తీసేది. వరిగడ్డి కాల్చి ఆ మసిని జల్లించి నూనెలో కలిపి, వెదురు గొట్టంలో కూరేది. ఆముదం వండిన రోజు ఇల్లంతా ఒకటే కంపు. చీరలకి, జుట్టుకి, ఆఖరికి పెరుగన్నానికి కూడా అదే వాసన. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే "ఆ కంపే మనకి కూడు పెట్టిందే, రాజ్యం" అనేది. "కాంతమ్మగారి కందెన పడితే బండి కిర్రుమనదు" అని బండ్లవాళ్లు అనేవారట. ఆ మాట ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకు నవ్వూ వచ్చేది, జాలీ వేసేది. ఆవిడ జన్మలో ఆ బండ్లు నడిచిన దారి చూడలేదు. గుమ్మం దాకా వచ్చిన బండిని చూడటమే.

లారీ డ్రైవరు మస్తాన్ గారు. మామగారు ఆయన్ని "మస్తానూ" అనేవారు గాని, మా నాన్న వయసు మనిషి, నాకు గారు అనకుండా పలకబుద్ధి కాదు. యుద్ధంలో మిలటరీ లారీలు తోలి వచ్చిన మనిషి. ఓసారి వీధి గుమ్మం అవతల నిలబడి, లోపలున్న అత్తగారికి వినబడేటట్టు చెప్పాడు. "అమ్మగారూ, మీ కందెన బండి ఇరుసుకి బంగారమేనండి, కాదన్ను. అది కొయ్య మీద ఇనుము. ఇది ఇనుము మీద ఇనుమండి. ఆముదం జిగురు కట్టి దుమ్మంతా పట్టుకుంటంది. దుమ్మూ మసీ కలిసి ఆకురాయిలాగా తినేస్తదండి. ఒక్కసారి గ్రీజు రాయనివ్వండమ్మా." అత్తగారు లోపలి నుంచే, నన్ను చూస్తూ జవాబు చెప్పింది. "నిన్నగాక మొన్న వచ్చిన లారీకి ఏం తెలుసనవే! ముప్పై ఏళ్లు మన బండ్లు ఎలా నడిచాయో కనుక్కోమను." నేను నోరు విప్పలేదు, విప్పకూడదు. ఆయన నిట్టూర్చి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా తనే చాటుగా గ్రీజు రాశాడు. సాయంత్రం పిన్ను ఇంట్లోకి రాగానే అత్తగారు వాసన పట్టేసింది. చింతపండుతో, పేడనీళ్లతో, మళ్లీ పసుపునీళ్లతో దాన్ని నా చేత మూడుసార్లు కడిగించింది. కడిగిన తడి ఆరకముందే తన కందెన రెండంతలు మందంగా పూసింది. ఆ పూట మామగారు మస్తాన్ గారిని పెట్టిన చివాట్లు వీధి చివరికి వినబడ్డాయి.

ఇప్పుడు భవానీపురం అంటున్నారే, ఆ వైపే మా ఇల్లు. అప్పుడది ఊరి శివారు. కృష్ణ ఎంత దూరం? పిలిస్తే పలికేంత. వరదొచ్చినప్పుడు హోరు వినబడేది, గాలి తిరిగితే నీటి వాసన వచ్చేది, వంతెన మీద రైలు పోతుంటే పెరట్లో గిన్నెలు సన్నగా మోగేవి. ఆ ఇంటికొచ్చిన ఏడాదిన్నరలో నేను కృష్ణని ఒక్కసారి కూడా చూడలేదు. పెరటి గోడ నాకంటే ఎత్తు. వీధి వైపు కిటికీలకి ఎప్పుడూ తెరలే. మామగారికి ఎదురుపడకూడదు, బావగారితో మాట్లాడకూడదు, మా ఆయనతో నలుగురిలో పలకకూడదు. మా ఊళ్లో పొలం గట్ల మీద పరుగెత్తిన దాన్ని. ఐదో తరగతిలో ఎక్కాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పిన దాన్ని. ఆ ఇంట్లో నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు, తిండికి లోటు చేయలేదు. ఏం కష్టమని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అయినా మధ్యాహ్నాలు స్తంభానికి ఆనుకుని కూచుంటే ఊపిరాడేది కాదు. మూత పెట్టిన గిన్నెలో ఉన్నట్టుండేది. ఇప్పటి పిల్లలకి చెబితే "అడిగి బయటికి వెళ్లాల్సింది మామ్మా" అంటారు. ఎవరిని అడగను?

అందుకే నాకు ఆ పిన్నంటే ఇష్టం. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు వచ్చాక పిన్ను పని నాకు వచ్చింది. దీపాలు పెట్టే వేళకి అది ఇంట్లోకి వచ్చేది. ఇంకా వెచ్చగా ఉండేది, దాని మీద దుమ్ము ఉండేది. ఒకరోజు ఎర్రదుమ్ము, ఒకరోజు నల్లరేగడి బురద, ఒకరోజు ఎండిన గడ్డి పోచ. ఇవాళ ఏ దారిన వెళ్లారో దాన్ని చూసి ఊహించుకునేదాన్ని. తెల్లవారాక గుడ్డతో పైపైన తుడిచి, కందెన పూసి, వీధి గుమ్మం లోపల పళ్లెంలో పెట్టాలి. మస్తాన్ గారు వచ్చి తీసుకునేవాడు. పాత కందెన గీకకూడదు, అది అత్తగారి శాసనం. కందెన మీద కందెన పడితేనే మెత్తన అనేది. ఇరుసులకి అలాగే చేసేవాళ్లట. దాంతో పిన్ను నానాటికీ లావెక్కింది. చూస్తే బాగా తిని బలిసినట్టే ఉండేది.

ఆ ఏడు దసరా ముందు అత్తగారు నాలుగు రోజులకని బందరు వెళ్లింది, ఆడపడుచు పురిటికి. ఆయుధ పూజకి ఇత్తడి సామానంతా తోముతున్నాను. ఊరుకోలేక, పిన్ను కూడా తళతళలాడితే బాగుంటుందని చింతపండు, ఇటుకపొడి పెట్టి కందెనంతా వదిలించాను. గోటి మందాన అట్టలు అట్టలుగా ఊడింది. లోపలి ఇనుము కనబడగానే నా చేతులు ఆగిపోయాయి. రెండు కొసలూ లావుగానే ఉన్నాయి. నడుమ, ఉంగరం ఒరుసుకునే చోట, ఒక పక్కంతా తినేసి ఉంది. దారం తీసుకుని కొసకి చుట్టాను, అదే దారం నడుముకి చుట్టాను. రెండు వేళ్ల దారం మిగిలింది. ఆ సన్నటి చోట వెంట్రుకలాంటి నల్లగీత ఒకటి. గోరు పెడితే గోరు పట్టుకుంది. దాని పైనే మా ఆయన పీట. దారంతా కాలవ గట్టు. కాలవ వంతెన ఎక్కేటప్పుడు అది తెగితే, చేతి బ్రేకు ఏ మూలకీ చాలదు, తోకబండి వెనక్కి జారుతుంది, నలభై బస్తాలతో, ఆయనతో సహా కాలవలోకి.

మేమిద్దరం మాట్లాడుకునే చోటు పెరటి బావి ఒక్కటే. సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటుంటే నేను నీళ్లు తోడి పోసేదాన్ని. ఆ రెండు చేదల నీళ్లయ్యేలోపు ఏం చెప్పినా చెప్పాలి. చెప్పాను. గీత సంగతి కూడా చెప్పాను. ఆయన కాళ్ల వంకే చూస్తూ విన్నారు. "అమ్మకి చెప్పు" అన్నారు. "అత్తయ్యగారు ఊళ్లో లేరుగా. మీరే మామయ్యగారికి చెప్పండి." "ఏమని చెప్పను? అమ్మ కందెన వల్ల పిన్ను అరిగిందనా? నీకెలా తెలుసంటారు. మా ఆవిడ గీకి చూసిందనా?" రెండో చేద అయిపోయింది. "అమ్మ రానీ" అని తువాలు తీసుకుని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చేది తను, భయపడేది వాళ్ల నాన్నకి! మంచి మనిషే. ఆ ఇంట్లో గోడలు నాకొక్కదానికే ఉన్నాయనుకున్నాను, ఆయనకీ ఉన్నాయని ఆ సాయంత్రం తెలిసింది. తెలిసినా కోపం తగ్గలేదు.

పండగ మూడు రోజులూ లారీ కదల్లేదు గనక బతికిపోయాను. అత్తగారు బందరు నుంచి రాగానే ఆవిడ కాళ్ల దగ్గర కూచుని దారం సంగతి చెప్పాను. వినీ వినకముందే ఆవిడ మొహం ఎర్రబడింది. "నిన్ను గీకమన్నదెవరే? మొత్తం వదిలించేశావా? ముప్పై ఏళ్లలో నా కందెనకి వంక పెట్టిన వాడు లేడు. నువ్వు పెడతావా?" అంది. పిన్ను చేతిలోకి తీసుకుంది. వేలితో నడుము తడిమింది. నేను చూస్తూనే ఉన్నాను, వేలు ఆ గీత దగ్గర ఆగింది. ఆగి, మళ్లీ కదిలింది. గొట్టం తెప్పించుకుని కందెన పూసేసింది. గీత మూసుకుపోయింది. "రేపు గుడివాడ లోడుంది. గుమ్మంలో పెట్టెయ్" అంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ రాత్రంతా నేను అదే. చెబితే అత్తగారి పరువు పోతుంది, ఆ ఇంట్లో నా బతుకూ పోతుంది. చెప్పకపోతే మనిషే పోతాడు.

పొద్దున్నే ముగ్గు వేసి వచ్చి, ఎవరూ చూడకముందే పిన్నుని మళ్లీ చింతపండుతో తోమాను. గుడ్డతో తుడిచాను. కందెన పూయలేదు. పసుపు పెట్టలేదు. రెండు కొసలకీ రెండు కుంకుమ బొట్లు మాత్రం పెట్టి, నడుముని వదిలేశాను. ఆ గీత పైకి ఉండేటట్టు పళ్లెంలో పడుకోబెట్టి గుమ్మంలో పెట్టి, తలుపు చాటున నిలబడ్డాను. నాకు తెలిసిన మాట అదొక్కటే.

మస్తాన్ గారు వంగి చెయ్యి చాచి, అలాగే ఉండిపోయాడు. పళ్లెంతో సహా ఎత్తుకుని అరుగు మీదున్న మామగారి ముందు పెట్టాడు. "అయ్యగారూ, చూడండి" అన్నాడు. మామగారు కళ్లజోడు పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. "ఇది తెగుతుందంటావా?" "చూపిస్తానండి" అని మస్తాన్ గారు పిన్నుని రెండు రాళ్ల మీద అడ్డంగా పెట్టి లారీలోంచి సమ్మెట తెచ్చాడు. మొదటి దెబ్బకి ఖంగుమంది. రెండో దెబ్బకి ఆ మోత మారింది. మూడో దెబ్బకి రెండు ముక్కలైంది. విరిగిన చోట ముప్పాతిక భాగం పాత మసితో నల్లగా ఉంది, పావు వంతు మాత్రం కొత్తగా మెరుస్తోంది. అన్ని బస్తాల్నీ, మా ఆయన్నీ లాక్కొచ్చింది ఆ పావు వంతే. ఆయన లారీ పక్కన నిలబడి ఆ ముక్కల్ని చూస్తున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక్కసారి తలెత్తి తలుపు వైపు చూసి, మళ్లీ దించుకున్నారు.

"ఇవాళ కందెన లేకుండా పెట్టిందెవరు?" అన్నారు మామగారు. ఆ గొంతులో కోపముందో ఏముందో తెలియలేదు. నేనే అనడానికి పెదవులు కదిలాయి కూడా. అంతలో నా వెనక నుంచి అత్తగారి గొంతు వినబడింది. "నేనే. చూసే పెట్టాను." ఎప్పుడు వచ్చి నిలబడిందో తెలియదు. నన్ను పక్కకి తప్పించి గుమ్మంలోకి వచ్చి అంది, "మస్తానూ, కొత్త పిన్ను చేయించుకో. నీ గ్రీజే రాసుకో. ఇకమీదట అది ఇంట్లోకి తేవద్దు, లారీ పెట్టెలోనే తాళమేసి ఉంచు."

నన్ను కాపాడిందో, నా మాట లాక్కుందో నేటికీ తేల్చుకోలేదు. మామగారు పోయేదాకా వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు, మా కాంతం చూపు గొప్పదని. మా ఆయన కూడా పక్కన కూచుని తలూపేవారు. బావి దగ్గర నేను చెప్పింది ఆయన మరిచిపోలేదని నాకు తెలుసు. ఒక్కసారైనా నా పేరు చెబుతారేమోనని చాలా ఏళ్లు ఎదురు చూశాను. ఇప్పుడు మా మనవరాలు కారు తోలుకుంటూ నన్ను ఘాటుకి తీసుకెళ్తుంది, ఎంతసేపు కావాలంటే అంతసేపు నదిని చూస్తాను. వాళ్లింట్లో ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటారు, ఒకరి మాట ఒకరు వినరు, అది వేరే సంగతి. అయినా ఆ గోల నాకు హాయిగా ఉంటుంది.

పిన్ను విరిగిన ఆ సాయంత్రం లారీ కొత్త పిన్నుతో తిరిగొచ్చింది. ఆయన క్షేమంగా దిగారు, బావి దగ్గర కాళ్లు కడుక్కున్నారు, రెండు చేదల నీళ్లు పోశాను. రెండో చేద అయ్యాక తువాలు తీసుకుని వెళ్లిపోయారు. దీపం పెట్టి, అలవాటు కొద్దీ పిన్ను అందుకోడానికి గుడ్డ పట్టుకుని గుమ్మం వైపు నడిచి, సగంలో ఆగాను. ఇంట్లోకి రావాల్సింది ఏమీ లేదు. పెరట్లో అత్తగారు ఆముదం పొయ్యి రాళ్లని ఒక్కొక్కటే గోడవారకి దొర్లిస్తోంది. సాయం పట్టడానికి వెళ్లాను. ఆవిడ నా వైపు చూడలేదు, చేతిలో రాయి వదల్లేదు.

"ఇక వీధిలోకి వెళ్లే వస్తువేదీ మన చేతుల మీదుగా పోదే, రాజ్యం" అంది.